సౌభాగ్యమ్మ టీచరు మరిచిపోయిన ఉగ్గాని

"మీ అత్తకు అన్నీ వచ్చునమ్మా. బొరుగుల ఉగ్గాని చేసేది ఒక్కటే మరిచిపోయింది, పాపం. యాభై ఏండ్లకే మరిచిపోయింది. ఆ మాట కూడా రాసుకో. జనం కొంచెం నవ్వుకుంటారు."

వరప్రసాదం గారు హాల్లో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని, పోయిన భార్యను తలుచుకుంటూ, నిజంగా ప్రేమగానే ఈ మాట అన్నారు. వంటింట్లో రేపటి భోజనాలకు ఉల్లిగడ్డలు తరుగుతున్న కోడలు లోయిస్ కత్తిపీట మీంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, హాల్లోకి వెళ్ళి కాగితం మీద రాసుకుంది. మళ్ళీ వచ్చి కత్తిపీట మీద కూర్చుంది. పొద్దుట్నించీ ఇది పదకొండోసారి. మామగారికి ఒక్కో వాక్యం ఒక్కో విడతగా తోస్తోంది మరి. కుర్చీని వంటింటి గుమ్మం దగ్గరికి జరుపుకోవచ్చని ఆయనకు తోచలేదు. పెన్ను తానే పట్టుకోవచ్చని అసలే తోచలేదు.

సౌభాగ్యమ్మ టీచరు డెబ్బై ఆరో ఏట పోయి పదిరోజులైంది. రేపు ఆదివారం ఆరాధన కాగానే చర్చిలోనే జ్ఞాపకార్థ కూడిక. బళ్ళారిలోని ఆ పాత చర్చిలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ జీవిత సాక్ష్యం ఇంటి కోడలు చదవాలి. ఏం చదవాలో మాత్రం సంఘ కార్యదర్శి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఆ కార్యదర్శి వరప్రసాదం గారే. ఆయన దగ్గర రెండు నమూనాలున్నాయి. మగవాళ్ళకైతే "సంఘానికి మూలస్తంభం". ఆడవాళ్ళకైతే "భర్త మాటకు ఏనాడూ ఎదురు చెప్పని ఇల్లాలు". పేరూ ఊరూ మార్చితే పని అయిపోయినట్టే. రెండేళ్ళ కిందట తొందరలో కాగితాలు తారుమారై, ఆరడుగుల లారీ మెకానిక్కును పట్టుకుని భర్త మాటకు ఎదురు చెప్పని ఇల్లాలని చదివించేశారు. ఆ మెకానిక్కు పెళ్ళాం ఏడుపు ఆపి మరీ నవ్వింది. ఆ రోజు ఇంటికొచ్చి సౌభాగ్యమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వి, "నా వంతు వచ్చినప్పుడు కూడా ఈయన ఆ కాగితమే తీస్తాడు, చూస్తాండు లోయిస్" అంది. అన్నట్టే అయింది.

నమూనా కాగితంలో పట్టే మనిషా ఆమె! ముప్పై ఆరేళ్ళు మూడో తరగతికి తెలుగు, లెక్కలు చెప్పింది. చర్చిలో కూడా టీచరే. పాట పాడుతూనే బెంచీలన్నీ కళ్ళతో హాజరు తీసుకునేది. ఆదివారం రానివాళ్ళ ఇంటికి సోమవారం సాయంత్రం వెళ్ళి కూర్చునేది. ఎందుకు రాలేదని అడిగేది కాదు. కాఫీ తాగి, పిల్లల నోటుబుక్కులు చూసి, లేచి వచ్చేది. తర్వాతి ఆదివారం ఆ ఇంటిల్లిపాదీ ముందు బెంచీలో ఉండేవాళ్ళు. మనవరాలు సౌందర్యకు పదహారేళ్ళు వచ్చినా, ఎదురుపడితే చాలు, "పదిహేడు ఎనిమిదులు?" అని అడిగేది. ఆ పిల్ల స్నానాల గదిలోంచి కూడా జవాబు చెప్పేది. ఇన్ని చేసి ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి దగ్గర మొదలు. మామగారు పన్నెండింటికి భోంచేస్తారు కాబట్టి బడి నుంచి పన్నెండుకు పరుగెత్తుకొచ్చి వడ్డించి, ఒంటిగంటకు పరుగెత్తి వెళ్ళేది. తాను ఎప్పుడు తినేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ సాక్ష్యం కాగితంలో లోయిస్‌ను ముల్లులా గుచ్చుతున్న వాక్యం ఒకటుంది. "కుటుంబం కోసం సండూరు హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగాన్ని సంతోషంగా వదులుకున్న త్యాగమూర్తి." ఎందుకు గుచ్చుతోందంటే, లోయిస్‌కు కూడా ఇప్పుడే ఆర్డరు వచ్చింది. ఇరవై రెండేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పాక, యశ్వంతనగర్ హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా. చేరడానికైనా, వద్దని రాసివ్వడానికైనా సోమవారమే గడువు. భర్త రాబిన్ ఈ ఉద్యోగం వద్దని ఆమె పేరుతో కాగితం టైపు చేయించి, ఆమె సంతకం ఒక్కటే తక్కువగా, ఫ్రిజ్ తలుపుకు అతికించాడు. పాలు తీసినప్పుడల్లా కనపడుతుంది.

"నువ్వు పొద్దున్నే బస్సెక్కి పోతే నాయనకు పన్నెండుకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు రాబిన్, అన్నం పెట్టడమనేది చేతులున్న ఎవరైనా చేయగల పని కాదన్నట్టు. "అమ్మ వదులుకోలా? ఏమి తక్కువైంది ఆయమ్మకు? సుమ్మనే, మాట్లాడకుండా సంతకం పెట్టు."

బతికున్న అత్తగారితో ఏ కోడలైనా వాదించి గెలవొచ్చు. పోయిన అత్తగారి త్యాగంతో ఎట్లా గెలవడం? ఆమె సంతోషంగా వదులుకుందట, నువ్వు ఏడుస్తూనైనా వదులుకోలేవా అంటే ఏం చెప్పాలి? పైగా లోయిస్‌కు అత్తగారంటే ప్రాణం. ఆ ప్రాణమే ఇప్పుడు దారికి అడ్డం పడింది. తనకు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ కావాలి. ఎంత కావాలంటే, ఆర్డరు వచ్చిన రోజు స్కూల్లో బాత్రూములో తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఎగిరింది. నలభై ఆరేళ్ళ ఆడమనిషి, మోకాళ్ళ నొప్పులతో సహా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లో ఎదురుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న హులిగెమ్మ, హాల్లోంచి వచ్చిన ఉగ్గాని మాట విని ఇప్పటికి తేరుకుంది. హులిగెమ్మ సౌభాగ్యమ్మ పనిచేసిన బళ్ళో ముప్పై ఏళ్ళు ఆయా. రమ్మని ఎవరూ అడగకుండానే, టీచరమ్మ పని అని వచ్చేసింది.

"ఏంది? ఏంది అంటాండాడు ఆయప్ప? టీచరమ్మకు ఉగ్గాని రాదా?"

"మరిచిపోయిందంట కదా హులిగెమ్మా. నా పెళ్ళై ఈ ఇంటికొచ్చినప్పట్నించీ నేనూ చూడలేదు."

హులిగెమ్మ మిరపకాయల చాట పక్కకు తోసి, చేత్తో నోరు మూసుకుని, ఒళ్ళంతా ఊగేట్టు నవ్వింది.

"అయ్యో తల్లీ! ప్రతి శనివారం ఒంటిపూట బడి అయినంక స్టాఫ్ రూములో స్టవ్వు మీద చేస్తాండ్య. బొరుగులు నీళ్ళలో ఇట్ల వేసి అట్ల పిండేది, ముద్ద గాకుండా. పప్పుల పొడి చల్లితే చాలు, పక్క హైస్కూలు మేష్టర్లు గోడ దుమికి వచ్చేటోళ్ళు. మీ చర్చిలో బుధవారం ఆడోళ్ళ మీటింగు లేదా? ఆడ కూడా ఆయమ్మ చేతిదే. నువ్వు డ్యూటీకి పోతావు, నీకేం తెలుసు?"

"మరి ఇంట్లో ఎందుకు చేయలేదు?"

హులిగెమ్మ హాలు వైపు చూసి గొంతు తగ్గించింది.

"సండూరు ఆర్డరు వచ్చిన దినం బడంతా దూద్ పేడాలు పంచింది. బస్సులో పోయి వచ్చేకి కొత్త బ్యాగు కూడా కొనుక్కునింది. రెండు దినాలకు ఆఫీసు నుంచి మనిషి వచ్చి, 'నిమ్మ యజమాన్రు బందు లెటర్ కొట్టు హోద్రు' అన్యాడు, మీ ఆయనే వచ్చి లెటర్ ఇచ్చి పోయినాడని. ఈమెకు వద్దు అని మీ మామే రాసి, సంతకం గూడ ఆయప్పే పెట్టి, ఇచ్చి వచ్చినాడు. ఈయమ్మకు ఒక మాట అడగలా."

"అత్తమ్మ ఏమంది?"

"ఏమంటాది? మూడో క్లాసుకు పోయి పదమూడో ఎక్కం చెప్పించింది. బడి గోడలు అదిరినాయి. సాయంత్రం నా దగ్గరికొచ్చి అనింది. 'హులిగెమ్మా, పొద్దున్నే నా చేతి ఉగ్గాని పడకుంటే ఆయనకు తెల్లారదు. అందుకే కదా నన్ను పోనీలేదు. ఇంక నాకు ఉగ్గాని రాదు.' అంతే. ఒక దినం ముద్ద చేసింది. ఒక దినం ఉప్పు కుమ్మరించింది. మూడో దినం మీ మామే సాకు సాకు, ఇంక చేయొద్దు అన్యాడంట. ఈ సంగతి ఇంటికి మోసేది లేదని మా అందరి దగ్గరా మాట తీసుకునింది. ఇప్పుడు ఆయమ్మే లేదు, ఇంక ఎవరికి భయపడల్ల?"

లోయిస్ ముందు పగలబడి నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఉల్లిగడ్డలుండటం మంచిదైంది. ఇరవై ఆరేళ్ళ సమ్మె! అంత సమ్మె ఏ గనిలోనూ జరిగి ఉండదు. కానీ దానివల్ల మామగారికి ఏమైంది? పాపం సౌభాగ్యకు మతిమరుపు అని నలుగురికీ చెప్పుకుంటూ రోజూ పొద్దున్నే బస్టాండు హోటలుదాకా నడిచి, మిరపకాయ బజ్జీతో సహా ఉగ్గాని తినొచ్చాడు. ఆ నడకకు ఆయన షుగరు కూడా అదుపులో ఉంది. శిక్ష పడినవాడికి అది శిక్ష అని తెలియనే లేదు. ఎంత పని చేశావత్తమ్మా, ఎవరికీ చెప్పకుండా పోయావే అని లోయిస్‌కు ఆమె మీద కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద అంత కోపం వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆదివారం కూడికకు చర్చి నిండిపోయింది. సగంమంది ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే కాబట్టి నిటారుగా కూర్చున్నారు. లోయిస్ కాగితం తీసి, మామగారు చెప్పింది చెప్పినట్టే చదవడం మొదలుపెట్టింది. "ఉగ్గాని చేయడం మాత్రం, పాపం, మరిచిపోయింది" అన్న చోటికి వచ్చేసరికి ఆడవాళ్ళ వరుసల్లో ఎవరో దగ్గారు. ఇంకెవరో కొంగు నోట్లో పెట్టుకున్నారు. అంతే, ఎడమవైపు బెంచీలన్నీ గొల్లున నవ్వాయి. తన మాటకు ఇంత నవ్వొచ్చిందని వరప్రసాదం గారు వెనక్కి తిరిగి అందరికీ చిరునవ్వు కూడా పంచారు.

లోయిస్ తర్వాతి వాక్యం దగ్గర ఆగింది.

"ఆమె ఉద్యోగం వదులుకుంది అని ఇక్కడ రాసి ఉంది. నేను దీన్ని చదవలేను. ఇది జరగలేదు. సండూరు ఆర్డరు వచ్చినప్పుడు అత్తమ్మ స్కూలంతా పేడాలు పంచింది. వద్దని రాసిన చేయి ఆమెది కాదు. సంతకం కూడా ఆమెది కాదు."

నవ్వులు ఆగిపోయాయి. వరప్రసాదం గారు లేచి నిలబడ్డారు. "నేను కీడు తలచలేదమ్మా. ఆ దోవంతా గనుల ఓర్ లారీలు, ఎర్ర దుమ్ము. ఆయమ్మకు బస్సు పడదు."

"బస్సు పడక కాదప్పా!" అని వెనక బెంచీలోంచి హులిగెమ్మ లేచింది. "పొద్దున్నే నీకు ఉగ్గాని తప్పిపోతాదని! అందుకే మరిచిపోయింది ఆయమ్మ!"

వరప్రసాదం గారు పక్క వరుసలోని ఆడవాళ్ళను చిన్నగా అడిగారు. "అంటే, ఆయమ్మకు వచ్చా?"

"బుధవారం బుధవారం చేసేది మామా" అని ఎవరో చెప్పారు. ఆయన బెంచీ పట్టుకుని కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ ముసలాయన ముఖం అలా వాడిపోతే లోయిస్‌కు జాలి వేసింది. జాలి వేసిందని ఆగిపోలేదు. చివర్లో కుటుంబం తరఫున ఒక మాట చెప్పడం ఆనవాయితీ. రాబిన్ రాసిచ్చిన కృతజ్ఞతల చీటీ చేతిలోనే ఉంది. దాన్ని మడిచేసింది.

"అత్తమ్మ కోపం వస్తే ఇరవై ఆరేళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. నాకంత ఓపిక లేదు. నాకు యశ్వంతనగర్ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా ఆర్డరు వచ్చింది. నాకది కావాలి. రేపు ఏడు గంటల బస్సుకు పోయి చేరుతున్నాను. ప్రభువు నామమున."

ప్రభువు నామమున అని వినపడితే ఆ సంఘంలో నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. రెండు వందల గొంతులు ఒక్కసారిగా "ఆమెన్" అన్నాయి. అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా, అలవాటు కొద్దీ అన్నది వరప్రసాదం గారే. రాబిన్ తెరిచిన నోరు తెరిచినట్టే తండ్రి వైపు తిరిగాడు. కానీ ఒకసారి ఆమెన్ అన్నదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఏదో, ముప్పై ఏళ్ళు కార్యదర్శి చేసిన మనిషికి కూడా తెలియదు.