కోసేసిన ముక్కలు

చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ స్టూడియోలో రికార్డింగులు దాచే సర్వర్ నిండిపోవడం పెద్ద తలనొప్పి. చదివేటప్పుడు దొర్లిన తప్పులు, దగ్గులు, మధ్యలో కబుర్లు కోసేసి ఒక ఫోల్డరులో పడేసేవారు. అవే కొండలా పెరిగిపోయేవి. రికార్డింగుతో పాటు సర్వర్ కూడా చూసే అతను విసిగిపోయి, మూడు నెలలు దాటిన ముక్కల్ని ప్రతి ఆదివారం దానంతటదే చెరిపేసే స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసిపడేశాడు. అందరూ మెచ్చుకుంటే ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. పాపం, మెప్పు ఎవరికి చేదు?

ఒక సోమవారం కథలమ్మ వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి చదివినావిడకు స్టూడియోవాళ్లు పెట్టుకున్న పేరది. దాదాపు మూడు నెలల కిందట గొంతులో కణితికి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. వెంట నెలలు నిండిన కూతురు ఉంది.

"అమ్మ గొంతు కావాలన్నా. పుట్టేవాళ్లకి వాళ్ల అమ్మమ్మ ఎలా మాట్లాడేదో వినిపించాలి," అంది కూతురు.

"అదెంత పనమ్మా! పుస్తకాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇప్పుడే కాపీ చేసిస్తా."

కథలమ్మ తల అడ్డంగా ఊపి, ఫోనులో టైపు చేసి చూపించింది. "పుస్తకాల్లో ఉన్నవి వేరేవాళ్ల మాటలు బాబూ. నావి మీరు కోసేసిన ముక్కల్లో ఉన్నాయి. నిన్ను తిట్టింది, నవ్వింది, దీనితో ఫోనులో పోట్లాడింది, అన్నీ అక్కడే."

అతను ముందు స్క్రిప్ట్ ఆపాడు. తర్వాత ఫోల్డరు తెరిచాడు. ఆవిడ ముక్క ఒక్కటే మిగిలింది, ఆపరేషన్‌కు ముందు చివరిసారి చదవడానికి కూర్చున్న రోజుది.

"ఇంకెక్కడా కాపీ లేదా అన్నా?"

"చెత్తే కదా అని దాచలేదమ్మా. చెరిపించింది నేనే." తలెత్తి కథలమ్మ ముఖం చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆవిడ అతని భుజం తట్టి, పెట్టమన్నట్టు స్పీకరు వైపు చూపించింది.

పేజీ తిప్పిన చప్పుడు. బొంగురుపోయిన గొంతు ఒక వాక్యం మొదలుపెట్టి ఆగింది. దగ్గి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగింది.

"ఇవాళ్టికి ఆపెయ్ బాబూ. గొంతు రావట్లేదు. రేపొచ్చి చదువుతాలే."

అంతే.

"ఇంకోసారి పెట్టన్నా," అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ.

రెండోసారి వినిపించినప్పుడు, ఆ మాటలతో పాటు కథలమ్మ పెదాలూ కదిలాయి.