అడుగు చూడని బుట్ట

ఫ్రాన్సులో మా జ్యూరా కొండల్లో అక్టోబరు వస్తే అడవికి వెళ్ళినవాళ్ళంతా తిన్నగా మందుల షాపుకొస్తారు. కోసుకొచ్చిన పుట్టగొడుగుల్లో ఏవి తినొచ్చో, ఏవి ప్రాణం తీస్తాయో చెప్పడం మా పని. ఉచితంగానే చెబుతాం. ముప్పై ఏళ్ళు నేనూ చెప్పాను.

ఆ శనివారం మధ్యాహ్నం షాపు మూసే వేళకి లూసియన్ మోన్యే, ఆయన భార్య ఇవెట్ బుట్ట తెచ్చి నా ముందు పెట్టారు. పైన పసుప్పచ్చటి గిరోల్ పుట్టగొడుగులు, మేలైన సరుకు. వరసలో వెనకున్న ముసలామె ఊరుకోలేదు.

"ఏమ్మా బర్దే, నా బీపీ మాత్రలిస్తావా, వాటికి జాతకం రాస్తూ కూచుంటావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుట్ట కుమ్మరించి చూడాల్సినదాన్ని, పైనున్నవి నాలుగు తీసి చూసి, "బొనాపెతీ" అన్నాను. కమ్మగా తినండని. ఎవరు భోజనానికి కూర్చుంటున్నా మేం అనే మాటే అది.

అడుగున పాలిపోయిన ఆకుపచ్చ రంగు విషపు పుట్టగొడుగు ఒకటుంది. వారం తిరక్కుండా ఇద్దరూ పోయారు.

కేసు రెండేళ్ళు నడిచింది. వాళ్ళ నోట్లో నేను పెట్టలేదట, చావుకు దారి మాత్రం తెరిచానట. అలాంటివాళ్ళని శిక్షించాలంటే తప్పు కొట్టొచ్చినట్టు కనబడేంత పెద్దదై ఉండాలని మా చట్టం. నాది అంత పెద్దది కాదని వదిలేశారు. అదే తీర్పు చివర, నా అజాగ్రత్తకి వాళ్ళ కూతురు క్లోటిల్డ్‌కి పరిహారం ఇవ్వాలన్నారు. మొదటి పేజీలో నిర్దోషిని, చివరి పేజీలో బాధ్యురాలిని. పరిహారం బీమావాళ్ళు చూసుకున్నారు. మరి నేనేం చెయ్యాలని అడిగితే, నోరు మూసుకోమన్నాడు లాయరు. క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టేనట, బీమావాళ్ళు చేతులెత్తేస్తారట. మూసుకున్నాను. కోర్టు వరండాలో క్లోటిల్డ్ ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు కూడా, బుద్ధిలేనిదాన్ని, తల తిప్పుకున్నాను.

ఊరు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మాత్రలు కొనుక్కుని, వాన గురించి రెండు ముక్కలు చెప్పి పోయేవాళ్ళు. బుట్ట మాత్రం ఒక్కరూ తేలేదు. ఇరవై కిలోమీటర్లు పోయి పక్క ఊళ్ళో చూపించుకునేవాళ్ళు. మా ఆయన పోయినప్పుడు కూడా నాకు ఇంత ఒంటరితనం తెలియదు.

మొన్న అక్టోబరులో, సరిగ్గా మూసే వేళకి, క్లోటిల్డ్ వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ బుట్ట. నా ముందు పెట్టింది.

పేపరు పరిచి అంతా కుమ్మరించాను. ఒక్కొక్కటీ తిప్పి చూశాను, కాడ మొదలు గీకి చూశాను, వాసన చూశాను. అన్నీ గిరోల్‌లే.

"తినొచ్చు," అన్నాను.

"మా అమ్మతో అన్న మాట అనండి."

బొనాపెతీ అనబోయాను. చివరికి లాయరు వద్దన్నదే బయటికొచ్చింది.

"అడుగు చూడలేదమ్మా నేను. తప్పు నాదే. క్షమించు."



"ఆ ముక్క ఆ రోజు వరండాలో అనుంటే సరిపోయేది కదండీ. దానికోసమే వచ్చి నిలబడ్డాను." పుట్టగొడుగుల్ని పేపరుతో సహా నా వైపు జరిపింది. "ఇవి నా గొంతు దిగవు. మీరే తినండి."

ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

షాపు మూసి, మేడమీద వాటిని వెన్నలో వేయించుకున్నాను. పళ్ళెం ముందు పెట్టుకుని, ఎవరో బొనాపెతీ అంటారన్నట్టు కూర్చున్నాను. చల్లారిపోయాక తిన్నాను.