నీళ్లు పోయకూడని జామ అంట్లు

మా ఆయన ఆనందరావు యూనివర్సిటీలో పరీక్షల విభాగం గుమాస్తా. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో పదకొండేళ్లు సర్దుకుపోయాను. కానీ ఆ జూన్‌లో జామ అంట్లు వచ్చినప్పుడు మాత్రం ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి బావిలో పడేద్దామనిపించింది.

ఆ అంట్లు మావి కూడా కావు. తార్నాకలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు లచ్చవ్వవి. ఇంటి వెనక ఆమెకు అరెకరం చెలక, ఒక బావి మిగిలాయి. చుట్టుపక్కల పొలాలన్నీ అప్పటికే ఇళ్ల స్థలాలైపోయాయి. కొడుకు వెంకటేశం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ అరెకరం కూడా ప్లాట్లు చేసి అమ్మేద్దామని ఏడాదిగా తల్లి ప్రాణం తోడేస్తున్నాడు. అతనిది దురాశ అని నేననను. బీడుపడ్డ చెలకను చూసుకుంటూ కూర్చుంటే ఎవరి కడుపు నిండుతుంది? చివరికి తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ వానలకు ఆమె తోట పెట్టాలి. మొక్కలు నాటుకుంటే చెలక ఉంటుంది, నాటుకోకపోతే దసరాకు అమ్మకం.

"టీచరమ్మా, మీ దిక్కు మొక్కలు మంచిగుంటయంటరు గద, జర తెప్పియ్యరాదు?" అని లచ్చవ్వ నన్నడిగింది.

ఆమె అడగడమే ఆలస్యం. మా తమ్ముడు ఏసురత్నం కడియంలో ఒక నర్సరీలో పనిచేస్తాడు. ఆ పూటే జాబు రాసి పడేశాను. వాడు మంచి అంట్లు ఏరి, వేళ్లకు తడిమట్టి ముద్ద కట్టి, బుట్టల్లో పేర్చి లారీకి వేశాడు. రసీదు మాత్రం మా ఆయన పేరు మీద రాయించాడు.

ఆ లారీ కాస్తా దారిలో పాడై ఎక్కడో ఆగిపోయింది. ఆగినచోట సరుకు అటూ ఇటూ మార్చి మా బుట్టల మీద బెల్లం బస్తాలు పడేశారు. అంబర్‌పేటలోని లారీ ఆఫీసులో బుట్టలు దించేసరికి ఆకులు వేయించిన అప్పడాల్లా ఉన్నాయి, ముట్టుకుంటే పొడి. నేను చెంబు కోసం వెతుకుతున్నాను. మా ఆయన కలం కోసం వెతుకుతున్నాడు.

లారీ ఆఫీసు గుమాస్తా రాజలింగు చెడ్డవాడేం కాదు. "సంతకం వెట్టకముందే రసీదు మీద రాయుర్రి సార్, మాల్ ఎండిపోయి అచ్చిందని. అప్పుడే క్లెయిం నిలవడ్తది" అని తనే చెప్పాడు. నేను గోలెంలోంచి నీళ్లు ముంచడం చూసి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "గదొద్దమ్మా. నీల్లు వోసినంక నాలుగు ఆకులు పచ్చవడ్డయనుకో, మా కంపినీ ఇన్‌స్పెక్టర్ సాబ్ అచ్చి నష్టం ఏడున్నదంటడు. ఆయన చూసేదాంక గిట్లనే ఉంచుర్రి."

"ఎప్పుడొస్తాడు?"

"రేపు."

చెంబు నా చేతిలోంచి మా ఆయన తీసుకున్నాడు. నీళ్లు మళ్లీ గోలెంలో పోశాడు. అప్పుడే పోట్లాడి ఉండాల్సింది, పరాయి చోటని ఊరుకున్నాను.

బుట్టలు తెచ్చి వాకిట్లో తాటాకు పందిరి కింద దింపాం. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన వెంకటేశం ఒక అంటు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగనే పంపిండ్రు సార్ మీ దిక్కోల్లు! ఎండిపోయినయన్ని మా అమ్మకు అంటగట్టిండ్రు" అని నవ్వాడు. వేళాకోళమే అనుకోండి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు లారీ వాళ్లది. రుజువు చేసి చూపిస్తాను" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆయనకు మొక్కలు కనపడలేదు, క్లెయిమే కనపడింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బడికి సెలవులు, ఇంట్లో పని తోచదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి పందిరి కిందికి, పందిరి కిందినుంచి వీధిలోకి తిరిగాను. వీధిలో స్కూటరు చప్పుడైతే చాలు, పరుగెత్తేదాన్ని. బియ్యంలో రాళ్లు ఏరబోయి, సగంలోనే చాట వదిలేసి లేచేదాన్ని. పదడుగుల దూరంలో నిండు బావి, ఇక్కడ ఎండిపోతున్న మొక్కలు, మధ్యలో ఒక రసీదు. మా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని క్లెయిం అర్జీకి చిత్తుప్రతి రాసుకుంటున్నాడు. ఆ నీరేదో జామకు ఎత్తినా బాగుండేది!

లచ్చవ్వ నాలా తిరగలేదు. బుట్టల పక్కన గొంతుక్కూర్చుని వేళ్ల దగ్గరి మట్టి ముద్దల్ని ఒక్కొక్కటే నొక్కి చూసేది. "ఇంక లోపట జర సల్లగనే ఉన్నది టీచరమ్మా" అనేది. పొద్దున అన్న మాట సాయంత్రానికి అనలేదు.

"ఆయనకు తెలీకుండా పోసెయ్యి అవ్వా, నేను చూసుకుంటాను" అన్నాను.

"వద్దు బిడ్డా. సారు పేరు మీద అచ్చినయి. రేపు ఆయనకు మాట రావద్దు" అంది. ఆ మర్యాద చూసి నాకు ఇంకా మండింది. చెలక పోయేది ఆమెది, మాట పడేది మా ఆయనా?

ఇక లాభం లేదని మూడో నాడు మధ్యాహ్నం చెప్పులేసుకుని కాంపస్‌కి నడిచాను. ఎండకు తారు అంటుకుంటోంది. సెలవుల్లో కాంపస్ అంతా ఖాళీ, పరీక్షల విభాగంలో మాత్రం టైపు మిషన్లు టకటకలాడుతున్నాయి. మా ఆయన బల్ల మీద అర్జీ శుభ్రంగా టైపు చేసి ఉంది, కార్బన్ నకళ్లతో సహా.

అక్కడి టెలిఫోను నుంచే లారీ ఆఫీసుకు చేయించాను. "సాబ్ వరంగల్ వోయిండమ్మా, పొద్దుమీకి అస్తడు. గియ్యాల్ల గాకుంటే రేపు పక్కా" అన్నాడు రాజలింగు. నేను ఫోను పెట్టిన చప్పుడుకు సూపరింటెండెంటు పార్థసారథి గారు తలెత్తారు.

"మీకు కాగితం కావాలా, మొక్కలు కావాలా?" అని అందరి ముందే అడిగేశాను.

"రెండూ కావాలి" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"కుదరదు కాబట్టే అడుగుతున్నాను. మీరిక్కడ నకళ్లు తీసుకుంటూ కూర్చోండి, అక్కడ లచ్చవ్వ చెలక ప్లాట్లయిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుందాం."

పార్థసారథి గారు ఫ్యాను వేగం పెంచమని ఎవరితోనో అన్నారు. మా ఆయన నకళ్ల అంచులు సరిచేసుకున్నాడు. ఆయన మాట్లాడకపోతే నాకు ఒళ్లు మండుతుంది, మాట్లాడినా మండుతుంది. విసవిసా వచ్చేశాను.

తార్నాక చేరేసరికి గాలి తిరిగింది. రామంతాపూర్ వైపు ఆకాశం నల్లబడింది. ముందు దుమ్ము, తర్వాత పెద్ద పెద్ద చినుకులు, ఆ తర్వాత ఒక్కసారిగా కుండపోత. తాటాకు పందిరి కారడం మొదలుపెట్టింది. నేనూ లచ్చవ్వా అరుగు మీద నిలబడి చూస్తున్నాం. మేం ఒక్క చుక్క పోయలేదు. పై నుంచి పడుతుంటే ఎవరేం చేస్తారు? లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడే మా ఆయన సైకిలు మీద వచ్చాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. సైకిలు వెనక టార్పాలిన్ చుట్ట. సైకిలు కింద పడేసి, దాన్ని విప్పి బుట్టల మీద కప్పుతున్నాడు.

వాన పడుతుంటే మొక్కలకు తడి తగలకుండా కప్పే మనిషిని నేనింతవరకు చూడలేదు. "వానకు కూడా నోటీసు ఇస్తారా ఏమిటండీ!" అని అరుస్తూ వెళ్లి ఒక కొస పట్టి లాగాను. ఆయన రెండో కొస వదల్లేదు. ఇద్దరం గుంజుకుంటున్నాం.

"తీస్తే క్లెయిం పోతుంది గ్రేస్!"

"పోనీండి! ఆ డబ్బు మీరేం చేసుకుంటారు?"

"డబ్బెవరిక్కావాలి?" అని ఆయన గట్టిగా అరిచాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. "వెంకటేశం ఏమన్నాడో వినలేదా? అంటగట్టారన్నాడు. నీళ్ల పంపు దగ్గర వింటున్నాం, బస్సులో వింటున్నాం, ఆఫీసులో వింటున్నాను. మీ దిక్కోల్లు, మీ దిక్కోల్లు! రేపివి చస్తే మీ తమ్ముడు దొంగ, మనం దొంగలం. తప్పు మనది కాదని ఎవరైనా ఒక్క ముద్ర వేసిస్తే చాలు నాకు. అంతే."

నా పట్టు సడలింది. ఇన్ని రోజులూ ఆయన్ని రాయి అనుకున్నాను. ఆయన లోపల ఇంత గుచ్చుకుని ఉందని నాకెందుకు తెలియలేదో తలుచుకుంటే సిగ్గేసింది.

లచ్చవ్వ ఆ మాటలు విన్నదో లేదో. మా ఇద్దరి మధ్య నుంచి వంగి, టార్పాలిన్ కింది నుంచి ఒక బుట్ట లాగి నెత్తిన పెట్టుకుంది. వెనక చెలకలో గుంతలు ఎప్పుడో తీయించి పెట్టుకుంది. వానలో నడిచి వెళ్లి, ఒక అంటు తీసి మొదటి గుంతలో దింపింది. నేను ఇంకో బుట్ట ఎత్తుకున్నాను. ఈసారి ఆయన అడ్డుపడలేదు. టార్పాలిన్ కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సగం బుట్టలు ఖాళీ అయ్యాయో లేదో, వీధిలో స్కూటరు ఆగింది. ఇన్ని రోజులు రానివాడు ఆ వానలోనే వచ్చాడు. ఇన్‌స్పెక్టరు వీరస్వామి, ఖాకీ రెయిన్‌కోటు, చంకలో తోలు సంచీ. డ్యూటీ దిగిన వెంకటేశం కూడా అతని వెనకే వచ్చాడు. ఇన్‌స్పెక్టరు చెలక గట్టు దాకా వచ్చి, "మాల్ ఏది సార్?" అని అడిగాడు. మా ఆయన నాటిన అంట్ల వైపు చూపించాడు.

వీరస్వామి వంగి దగ్గరి అంటు బెరడు గోటితో గీశాడు. లోపల గోధుమరంగు. "సచ్చింది." రెండోదీ అంతే. మూడోదాని మీద గోరు లాగితే దారమంత పచ్చగీత కనిపించింది.

"గివి భూమిల వెట్టినంక నేనేం రాయలేను" అన్నాడు వీరస్వామి. "అయినా మా లేటు గూడ ఉన్నది గదా. ఒక్క పని చేయుర్రి. అన్ని పీకి మల్ల బుట్టలల్ల వెట్టుర్రి. మొత్తం మాల్ కరాబైందని, తప్పు మాదేనని రాసి ముద్ర వేసిస్త. పైసలు దసరా దాటినంక అస్తయి."

తప్పు మాదేనని, ముద్రతో. మా ఆయన అడిగింది అదే. నేను ఆయన మొహం చూడలేక మొక్కల వైపు చూశాను.

"అమ్మా, పీకు మరి" అన్నాడు వెంకటేశం.

లచ్చవ్వ లేవలేదు. మోకాళ్ల దాకా బురద. "సారు పేరు మీద అచ్చినయి. సారు ఎట్లంటే గట్ల" అంది. అంటూనే మొక్క మొదలు చుట్టూ మట్టి అదుముతోంది. ఆ చేతులు ఆగలేదు.

"ఇవి బతుకుతాయంటారా?" అని అడిగాడు మా ఆయన.

"ఎవనికెర్క సార్? కొన్ని బతుకొచ్చు, ఏది బతకకపోవచ్చు."

"పీకకపోతే?"

"నష్టం లేదని రాసుకొని సంతకం తీస్కుంట. కేసు బంద్. మల్ల మా ఆఫీసు మొకం చూసుడుండది."

"సార్, జర సోచాయించుర్రి" అన్నాడు వెంకటేశం. ఈసారి అతను నవ్వడం లేదు. "సంతకం చేసినంక గివి సస్తే, తప్పెవరిదనాలె?"

మా ఆయన తల మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. టార్పాలిన్ తెచ్చి ఇన్‌స్పెక్టరు తోలు సంచీ మీద గొడుగులా పట్టమని నాకిచ్చాడు. ఆ సంచీ మీదే కాగితం పెట్టి, అక్షరం అక్షరం చదివి, నష్టం లేదు అన్నచోట తేదీ వేసి సంతకం చేశాడు.

"మాదే అనుకో వెంకటేశం" అన్నాడు. "మా బావమరిదిదీ, నాదీ."

పెళ్లయ్యాక ఆయన మీద అంత ప్రేమ నాకెప్పుడూ పుట్టలేదు. వెంకటేశం చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"తప్పుల పంచాయితి తర్వాత వెట్టుకుందురు గాని" అంది లచ్చవ్వ తల ఎత్తకుండానే. "వాన ఎలిస్తే మల్ల మట్టి గట్టివడ్తది. సారూ, గా బుట్ట ఇటు అందియ్యి."