కాస్త ఊగితే చాలు

"కాళ్ళు దగ్గరగా పెట్టు. చేతులు పక్కన వదిలెయ్. కళ్ళు మూసుకో. ఆఁ, ఇప్పుడు కాస్త ఊగు," అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె గిన్నెలు తోముతోంది. మోచేతుల దాకా సబ్బు నురగ. పొయ్యి మీద పాలు పొంగడానికి చూస్తున్నాయి. ఎనిమిదిన్నరయింది. పదకొండింటికి డాక్టరు దగ్గరుండాలి.

"చేతులు కడుక్కోనివ్వండి."

"కడుక్కుందువుగాని. ఒక్క నిమిషమే. అక్కడా ఇదే చేయిస్తారు. మా ఆఫీసులో ఒకాయన్ని కనుక్కున్నాను."

నురగ చేతులతోనే ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఊగుదామనే అనుకుంది. కానీ కళ్ళ ముందు చీకటి పడగానే పాదాలు వాటంతట అవే నేలను పట్టుకున్నాయి, మోకాళ్ళు పిసరంత వదులయ్యాయి, నడుము తన చోటు తాను వెతుక్కుంది. ఎప్పుడో నేర్చుకున్నది ఇంకా అక్కడే ఉంది.

"ఊగమంటే స్తంభంలా నిలబడతావేంటి?"

"రావట్లేదండీ."

పాలు బుసబుసమన్నాయి. కళ్ళు తెరవకుండానే ఆమె చెయ్యి చాపి పొయ్యి కట్టేసింది.

"ఇదిగో, ఇలాంటి విద్యలు అక్కడ చెయ్యకు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అన్నాడు అతను. సగం నవ్వు, సగం విసుగు.

ఒక కాలికే సాక్సుతో కూతురు పరిగెత్తుకొచ్చింది. ఐదేళ్ళు నిండాయి. "నేనూ ఆడతా!" కళ్ళు గట్టిగా మూసుకుని, ఇటొకసారి అటొకసారి ఊగి, ధబ్బున నేలమీద కూలబడింది. అతను చప్పట్లు కొట్టాడు.

"చూశావా? చిట్టికి అర్థమైంది, నీకు కాలేదు."

చిట్టి లేచి మళ్ళీ పడింది. మళ్ళీ చప్పట్లు. మూడోసారి ఇంకా అందంగా పడింది. పడడంలో మెలకువ తెలిసిపోయినట్టుంది దానికి.

ఓడల మీద ఆఫీసరు కావడానికి ఆమె చదివిన నాలుగేళ్ళూ ప్రభుత్వం సాయం చేసింది. ఫీజు, పుస్తకాలు, రెండు జతల తెల్ల దుస్తులు, అన్నీ. బదులుగా చదువయ్యాక మూడేళ్ళు సముద్రం మీద పనిచెయ్యాలి, లైసెన్సు పోకుండా చూసుకోవాలి, ఎక్కడున్నదీ ఏం చేస్తున్నదీ ఏటా ఉత్తరం రాయాలి. పద్ధెనిమిదేళ్ళ వయసులో ఆ బాండు మీద సంతకం పెట్టినప్పుడు, తన మాటకి ఇంత విలువ కట్టినవాళ్ళు ఎవరో ఉన్నారని ఆ రోజంతా ఒంట్లో ఒకలాంటి వెచ్చదనం. పద్నాలుగు నెలలు పనిచేసింది. తర్వాత పెళ్ళి. "మా ఆవిడ ఓడ ఆఫీసరు అని చెప్పుకుంటే ఆ దర్జాయే వేరు," అని చూపులనాడు అన్నవాడు ఈ మనిషే. తర్వాత చిట్టి కడుపున పడింది. గడువు పెంచమని అడిగితే పెంచారు. మళ్ళీ అడిగితే మళ్ళీ పెంచారు. మూడోసారి కుదరదన్నారు. ఈ నెల ఇరవైన ఓడ ఎక్కమని ఓడల కంపెనీ కబురు పంపింది. ఎక్కాలంటే ఆరోగ్యంగా ఉన్నట్టు ఇవాళ్టి డాక్టరు రాయాలి. ఎక్కకపోతే సాయమంతా తిరిగి కట్టాలి. డాక్టరు కనుక శాశ్వతంగా పనికిరాదని రాస్తే బాండు రద్దు, ఏమీ కట్టక్కర్లేదు. ఆ నిబంధనను వెతికి పట్టుకున్నది భర్తే. బీమా ఆఫీసులో ఉద్యోగం. ఏ గడిలో ఏ మాట రాస్తే ఫైలు కదులుతుందో అతనికి బాగా తెలుసు. దాన్ని ఆమెకు పైకి చదివి వినిపించాడు కూడా. లైసెన్సు సైతం శాశ్వతంగా రద్దవుతుందన్న చివరి వాక్యం మాత్రం ఆమె తర్వాత తనే చదువుకుంది.

బయల్దేరుతుంటే హాల్లోంచి అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఇవాళ్టితోనైనా తెములుతుందా?" అన్నారు. ఆవిడకు ఇది మొదటినుంచీ పరిహాసమే. కొత్తకోడలుగా వచ్చిన వారానికే చుట్టాల ముందు, "మావాడు తెచ్చుకున్న పిల్లని అంతకుముందే గవర్నమెంటు కొనేసుకుంది," అని అందర్నీ నవ్వించారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని.

బస్సులో అతను కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాడు. ఒళ్ళో ఫారం ఉన్న కవరు. రాత్రే తన గుండ్రటి అక్షరాలతో నింపి పెట్టాడు. "నువ్వు సంతకం పెడితే చాలు."

కిటికీలోంచి దుకాణాలు వెనక్కి జరుగుతుంటే ఆమె ఒకే ఒక సంగతి గురించి ఆలోచిస్తోంది. కళ్ళు తిరుగుతాయన్న మాట మొదట ఎవరన్నారు? నిజంగానే తిరిగాయి, అందులో అబద్ధం లేదు. చిట్టి పుట్టిన కొత్తలో రెండు నెలలు. రాత్రులు నిద్ర లేదు, పగలు వేళకి తిండి లేదు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది. ఒకరోజు మెట్ల దగ్గర గోడ పట్టుకుంది, అంతే. తర్వాత పిల్ల రాత్రంతా పడుకోవడం మొదలుపెట్టగానే అదీ పోయింది. కానీ ఇంకా ఓడ ఎక్కలేదేమని ఎవరో అడిగితే, ఆమె నోరు తెరిచే లోపే, "తనకి కళ్ళు తిరుగుతాయండీ," అన్నాడు అతను. ప్రేమగానే అన్నాడు, భుజం మీద చెయ్యి వేసి. ఆ జవాబు అందరికీ సరిపోయింది. ఇంకోచోట మళ్ళీ అన్నాడు. అత్తగారు అన్నారు. సొంత అమ్మ కూడా ఫోన్లో, "నీకసలే కళ్ళు తిరుగుతాయి కదే," అంది, చిన్నప్పట్నించీ ఉన్న జబ్బులాగా. ఏడాది గడిచేసరికి ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కిందకి చూడడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. తనని తాను కూడా అడగలేదు. మాట ముందు వచ్చింది, భయం తర్వాత వచ్చి అందులో కాపురం పెట్టింది. అది తనదో, తనకి అప్పగించినదో ఇప్పుడు ఎలా తేల్చుకోవడం? తీరా సముద్రం మీదికి వెళ్ళాక కళ్ళు తిరిగితే? ఓడలో నాలుగు గంటలు కాపలా, తర్వాత ఎనిమిది గంటలు తనవి. తర్వాతి కాపలాకి వచ్చినవాళ్ళు "తీసుకున్నాను" అంటేనే దిగాలి, కానీ తప్పకుండా ఎవరో ఒకరు వచ్చేవారు. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఆ మాట ఎవరి నోటా వినలేదు. అయినా, ఒకసారి ఓడ ఎక్కితే నాలుగు నెలలు, అన్నాళ్ళు చిట్టిని చూడకుండా ఉండగలదా? ఆ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఏదో అడ్డుపడి ఆలోచన ఆగిపోతుంది. దాన్ని ఆమె భయం అనలేకపోయింది. దానికి వేరే పేరుండాలి.

"ఏంటలా ఉన్నావ్? మొహం పాలిపోయింది," అన్నాడు అతను. తర్వాత మెల్లగా, "మంచిదే, అలాగే ఉండు."

డాక్టరు ముసలాయన. చొక్కా జేబు మీద సిరా మరక. బల్ల మీది పెన్నుకి దారం కట్టి ఉంది. ఫారం అందుకుని పక్కన పెట్టి, ముందు కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, ఎరుపు ఆకుపచ్చ దీపాలు చూపించి రంగులు చెప్పమన్నాడు. అన్నీ చెప్పింది. మూలన కుర్చీలో కూర్చున్న భర్త ఒకసారి దగ్గాడు.

"ఇలా రామ్మా. కాళ్ళు దగ్గరగా. కళ్ళు మూసుకో. నిమిషం."

చీకటి. గోడ గడియారం చప్పుడు. కాస్త ఊగితే చాలు. ఎంత సులువు! అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, ఒళ్ళే చెప్పేస్తుంది. ఇంటికెళ్ళి బియ్యం కడిగి పెట్టుకోవచ్చు, చిట్టి జడ విప్పి మళ్ళీ వేయొచ్చు, ఇంకెప్పుడూ ఎవరూ ఏమీ అడగరు. పదిహేను సెకన్లయి ఉంటాయి. అప్పుడు తెలిసింది, నిజంగానే ఊగుతోంది. తను ఊగడం లేదు, ఒళ్ళు దానంతటది ఊగుతోంది, చెప్పిన మాట వినడం అలవాటైన ఒళ్ళు. పొద్దున నిలబడ్డది ఇప్పుడు కూలుతుందా? పడడానికి సిద్ధంగా ఉన్న ఆ క్షణంలో కళ్ళ వెనక చిట్టి కనిపించింది. ఒక కాలికి సాక్సు. మూడోసారి పడి, లేవకుండానే తల తిప్పి, చప్పట్లు ఇంకా వస్తున్నాయా అని చూసిన చూపు.

ఆమె పాదాల వేళ్ళు విప్పుకుంది. ఊగుడుని ఆపడానికి బిగుసుకోలేదు. ఓడలో ఎవరూ బిగుసుకోరు, బిగుసుకున్నవాళ్ళే పడతారు. దాన్ని రానిచ్చింది, పోనిచ్చింది. మళ్ళీ రానిచ్చింది.

"చాలమ్మా. కళ్ళు తెరువు."

భర్త అప్పటికే లేచి నిలబడ్డాడు. "చూశారుగా సార్, ఊగింది. ఇంట్లో అయితే ఇంకా..."

"అందరూ ఊగుతారు బాబూ. మీరు నిలబడినా ఊగుతారు. పడతారా లేదా అన్నదే మేం చూసేది." డాక్టరు ఫారం ముందుకు లాక్కున్నాడు. కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "తల తిరుగుడు: ఉంది. తరచుగా. అని రాసుంది. ఎవరు రాశారు?"

"నేనే సార్. తనకి టైం ఉండదు," అన్నాడు భర్త.

డాక్టరు ఆమెవైపు చూశాడు.

"పాప పుట్టినప్పుడు రెండు నెలలుండేదండీ. నిద్ర లేక, తిండి లేక. ఐదేళ్ళయింది పోయి," అంది. గొంతు వణికింది. వణుకుతూనే చివరిదాకా చెప్పింది. "ఓడ మీద ఎప్పుడూ రాలేదు."

"తరచుగా అని ఉంది మరి."

"అది తప్పండీ."

"ఏయ్," అన్నాడు భర్త. గట్టిగా కాదు, ఇంట్లో చిట్టిని కసిరేటప్పటి గొంతు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. సార్, ఇంకో రోజు వస్తాం మేము."

"తప్పయితే కొత్త ఫారం ఇస్తానమ్మా. కొట్టివేతలుంటే చూడ్డానికి బాగుండదు," అంటూ డాక్టరు సొరుగు తెరవబోయాడు.

"వద్దండీ. ఇదే చాలు."

ఓడలో జరిగినవన్నీ రాసే పుస్తకంలో తప్పు రాస్తే చెరిపేయకూడదు, సిరా పులమకూడదు, కాగితం చింపకూడదు. ఒకే ఒక్క గీత. కింద ఏముందో ఎవరైనా చదవగలగాలి, ఎవరు కొట్టేశారో పక్కన సంతకం ఉండాలి. మొదటి వారంలోనే నేర్పిన పాఠం అది. ఆమె పెన్ను అందుకుంది. దారం పొట్టిది, బల్ల మీదికి వంగాల్సి వచ్చింది. 'ఉంది, తరచుగా' అన్న గుండ్రటి అక్షరాల మీదుగా నిదానంగా ఒక గీత గీసింది. పక్కన 'లేదు' అని రాసింది. దాని పక్కన, కాపలా దిగేటప్పుడు పెట్టే రెండక్షరాల పొట్టి సంతకం. ఆరేళ్ళ తర్వాత పెట్టినా చెయ్యి తడుముకోలేదు. గీత కింద అతని అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

డాక్టరు ముద్ర వేశాడు. ముద్ర మీద ఊదుతూ, మామూలుగా, ఎవరైనా అడిగేలాగే అడిగాడు.

"ఎప్పుడు ఎక్కాలి?"

"ఇరవైన."

"మరి పాపని ఎవరు చూసుకుంటారమ్మా?"

భర్త తలెత్తాడు. ఆ ప్రశ్న కోసమే ఇందాకట్నించీ కాచుకుని ఉన్నవాడిలా, ఒడ్డు కనిపించినవాడిలా ఆమెవైపు చూశాడు.

ఆమె పెన్నుని దారం సాగినంత మేర అతని వైపు జరిపింది.

"దానికి జవాబు ఆయన రాస్తారండీ."