ఓదేలు ఇంట్లో నన్ను బిగించిన రోజు

నేను ఒక గ్యాస్ స్టవ్‌ను. రెండు బర్నర్లు, రెండు నాబులు, నాలుగు రబ్బరు కాళ్ళు, ఇంతే నా ఒళ్ళు. హైదరాబాదు పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చివరి బల్ల దగ్గర ఒక నడివయసు ఆవిడ నన్ను వెలిగించి, మంట నీలంగా నిలబడేదాకా చూసి, నా వీపు మీద సుద్దముక్కతో టిక్కు పెట్టి పంపింది. మనుషులు తమ పిల్లల్ని కూడా ఇంత పరీక్ష చేసి లోకంలోకి పంపరని నాకు తర్వాత తెలిసింది.

నా మొదటి ఇల్లు బెల్లంపల్లిలో విమల టీచరుది. ఆమె లెక్కలు చెప్పేది. ఒక చెవిని కుక్కరు కూతలకు వదిలి పరీక్ష పేపర్లు దిద్దేది. రెండింట్లో ఏదో ఒక లెక్క తప్పేది. అన్నం మెత్తబడితే మాత్రం నింద నా మీదే పడేది. పదకొండేళ్ళు అలా గడిచాక ఆమెకు బదిలీ అయింది. సిలిండరు, రెగ్యులేటరు గ్యాస్ ఆఫీసులో అప్పగించి, నన్నూ నాకు వేలాడుతున్న పాత రబ్బరు ట్యూబునూ ఎదురింటి లసుమక్కకు ఇచ్చేసింది.

లసుమక్క భర్త ఓదేలు బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళో గనిని బాయి అంటారు. సర్దారు పని ఏమిటంటే, షిఫ్టు మనుషులు దిగకముందే తాను దిగి, చేతి దీపం పైకెత్తి, మంట మీద నీలం టోపీ లాంటిది కడుతుందేమో చూడటం. కడితే అక్కడ గ్యాసు చేరినట్టు. కట్టకపోతే పుస్తకంలో సంతకం పెడతాడు. ఆ సంతకం చూసి నాలుగు వందల మంది లోపలికి పోయేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఓదేలు సంతకం ఒక్కసారి కూడా తప్పలేదు. వీధిలో అందరికీ అతనంటే గౌరవం. అతనికి తన మీద ఇంకొంచెం ఎక్కువ గౌరవం.

లసుమక్క మాత్రం జీవితమంతా ఇనప బకెట్టుకు మట్టి మెత్తి చేసిన బొగ్గు పొయ్యి మీదే వండింది. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. "ఇంక పొగ ముందు కూర్చోవద్దమ్మా" అన్నాడు డాక్టరు. అందుకే కొత్త కనెక్షను రాయించారు. ఒక గురువారం పొద్దున సిలిండరూ రెగ్యులేటరూ దించిపోయారు. దించిన మనిషి పోతూ పోతూ, "మెకానిక్ వచ్చి బిగిస్తడు. అప్పటిదాంక ముట్టకుండ్రి" అని చెప్పాడు.

లసుమక్క మహిళా సంఘం మీటింగుకు బయల్దేరింది. గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, నువ్వు దాన్ని ముట్టకు. నాకు భయమైతాంది."

"బాయిల గ్యాసుతోని ఇరవై ఆరేండ్లు కొట్లాడిన. గీ డబ్బాకు నాకు మెకానిక్ కావాల్నా?"

"కావాలె" అని ఆమె వెళ్ళిపోయింది.

అతను కాసేపు మంచం మీద కూర్చున్నాడు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చాడు. ఆమె మాట కాదనాలని కాదు. ఆమె తిరిగొచ్చేసరికి గ్యాసు మీద టీ కాచి చేతికివ్వాలని అతని ఆశ. గొప్ప, ప్రేమ రెండూ ఒకేసారి పైకి లేస్తే మనిషిని ఆపడం కష్టం. నాకైతే నోరే లేదు.

నన్ను నేల మీదే, సిలిండరు పక్కన పెట్టాడు. ట్యూబు నా వెనక గొట్టానికి ఎక్కలేదు. కొబ్బరినూనె రాసి తోశాడు. వదులుగా అనిపిస్తే బైండింగ్ వైరు నాలుగు చుట్లు చుట్టి పట్టుకారుతో మెలిపెట్టాడు. ఆ ట్యూబు పదకొండేళ్ళు వేడికి ఎండి, మెడ దగ్గర సన్నగా పగిలింది. మెలిపెట్టినప్పుడు పగులు ఇంకాస్త నోరు తెరిచింది. అది నాకు తెలుస్తోంది. అతని వేళ్ళకు తెలియలేదు.

ట్యూబు రెండో కొసను రెగ్యులేటరుకు తొడిగి, దాన్ని సిలిండరు మీద బిగించి, మీట తిప్పాడు. గ్యాసు వచ్చింది. సగం నాలోకి, సగం పగులు గుండా బయటికి.

ఇంట్లో వాడే గ్యాసుకు కంపు కలిపి పంపుతారు, కారితే ముక్కుకు తెలియాలని. ఆ వంటింటి నిండా కుళ్ళిన గుడ్ల లాంటి కంపు నిండుతోంది. ఓదేలు మాత్రం నా ముందు గొంతుక్కూర్చుని, తాపీగా టీ పొడి డబ్బా మూత తీస్తున్నాడు. వెనక వరండాలో, గడపకు నాలుగడుగుల దూరంలో, పొద్దున రొట్టెలు కాల్చిన బొగ్గు పొయ్యి ఇంకా ఎర్రగానే ఉంది. గ్యాసు గాలికన్నా బరువు. నేల పట్టుకుని పాకుతుంది. అది అటువైపే పాకుతోంది.

అతను అగ్గిపెట్టె అందుకున్నాడు. పుల్ల తీశాడు.

మీటింగు తొందరగా అయిపోవడం మా అదృష్టం. లసుమక్క ముందు గదిలో అడుగు పెట్టిందో లేదో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం కంపయ్యా ఇది! ఇల్లంత గ్యాసు కంపు!"

"ఏం కంపే?" అన్నాడు ఓదేలు, పుల్ల చేతిలోనే ఉంది.

"గింత కంపు నీకొస్తలేదా?"

అప్పుడు అతని మొహం చూశాను. రక్తం మొత్తం దిగిపోయింది. మరుక్షణంలోనే ఆ మొహం మారిపోయింది. టీ కాచబోయిన ముసలాయన పోయి, బాయి సర్దారు లేచి నిలబడ్డాడు. పుల్ల జేబులో పడేశాడు. రెగ్యులేటరు కట్టేశాడు. లసుమక్క చెయ్యి అలవాటుగా ఫ్యాను స్విచ్చు మీదికి పోతోంది, గాలికి కంపు పోతుందని.

"స్విచ్చు ముట్టకు!"

ఆ గొంతుకు ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"తలుపులు బార్ల తెరిచి బయటికి నడు. దేన్ని ముట్టకు."

తను వెనక గుమ్మం గుండా వరండాలోకి దూకి, కాలుతున్న బకెట్టు పొయ్యిని దాని తీగ పిడి పట్టుకుని ఎత్తి, దొడ్డి చివర గోడదాకా పరుగెత్తి అక్కడ దించాడు. అరచెయ్యి కమిలిపోయింది. అప్పుడు గానీ చుట్టు తిరిగి వచ్చి ముందు వాకిట్లో బండ మీద కూలబడలేదు.

కిటికీలోంచి నాకు ఇద్దరి మాటలూ వినిపించాయి.

"చెయ్యి చూపియ్" అంది ఆమె. చల్లనీళ్ళు పోస్తూ అడిగింది, "నిజం చెప్పు. ఎప్పటి సంది వాసన వస్తలేదు?"



"మూడేండ్లాయె" అన్నాడు ఓదేలు. "అప్పుడు ఆ జరమొచ్చింది సూడు, అది తగ్గినంక ముక్కు పోయింది. పూలు లేవు, పెంట లేదు. ఏదీ రాదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నాలుగు వందల మందికి భద్రమని సంతకం పెట్టినోన్ని. ముక్కు పనిచెయ్యదని చెప్పుకుంటనా? బాయిల గ్యాసుకు వాసనే ఉండదు, లసుమా. అక్కడ కండ్లతోనే చూస్తం. ఈడ గూడ గట్లనే నడుస్తదనుకున్న."

ఆమె చెంబు కింద పెట్టింది.

"మూడేండ్ల సంది నా చారు మస్తుందంటివి. వాసన రాంది ఎట్ల తెలిసె?"

"నీ మొకం జూసి చెప్పిన" అన్నాడతను. "నీకు మంచిగ కుదిరిన రోజు మొకం తెలుస్తది."

లసుమక్క నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే అతని వీపు మీద ఒకటి గట్టిగా చరిచింది. దెబ్బ చప్పుడు నాకు లోపలికి వినిపించింది. బతికి ఉన్నాడని రూఢి చేసుకునే దెబ్బ అది.

ఫోను చేస్తే మధ్యాహ్నానికే మెకానిక్ వచ్చాడు. పేరు అఫ్రోజ్. ట్యూబు తీసి రెండు వేళ్ళతో వంచాడు. మెడ దగ్గర పగుళ్ళు విచ్చుకున్నాయి.

"కాకా, ఇది మీద పడి కాల్చలేదంటే మీ అదృష్టం. బైండింగ్ వైరు పందిరికి కడ్తరు గని, గ్యాసుకు కడ్తరా?"

ఓదేలుకు ఆ మాట సూటిగా తగిలింది. కానీ కోప్పడలేదు. "చెప్పు బిడ్డా, నేను సూస్త" అని ముక్కాలి పీట లాక్కుని శిష్యుడిలా కూర్చున్నాడు. అఫ్రోజ్ నన్ను నేల మీంచి లేపి గట్టు మీదికి ఎక్కించాడు, సిలిండరుకన్నా పైన. నారింజ రంగు కొత్త ట్యూబు వేసి క్లిప్పులు బిగించాడు. సబ్బు నీళ్ళు కలిపి, గుడ్డతో ప్రతి అతుకు మీదా అద్ది, గ్యాసు వదిలాడు.

ముగ్గురూ వంగి చూశారు. నురగ కదల్లేదు. ఒక్క బుడగ కూడా లేవలేదు.

"ఇంకొక్కసారి పెట్టు" అన్నాడు ఓదేలు.

మళ్ళీ అద్దాడు. లేవలేదు.

"ఇంకొక్కసారి."

"కాకా, ఆఖరుకు పొయ్యినే కడిగిపిస్తవా ఏంది!" అని నవ్వాడు అఫ్రోజ్, మూడోసారి కూడా అద్దాడు. అప్పుడు ఓదేలు ఊపిరి వదిలాడు. ఎంతసేపటి నుంచి బిగబట్టుకున్నాడో! ఆ ఊపిరికి గట్టు మీది నురగ వణికింది.

మొదట వెలిగించింది లసుమక్క. నీలం మంట లేచింది. మంటను చదవడం ఓదేలు పని కదా, తల అటూ ఇటూ వంచి చాలాసేపు చూసి, "మంచిగుంది" అన్నాడు. సంతకం ఒక్కటే తక్కువ. ఆ రోజు టీ నలుగురికి కాచింది ఆమె. నాలుగో గ్లాసు ఎవరికని అడిగితే, లెక్క తప్పిందని చెప్పింది. ఆ గ్లాసు కూడా ఓదేలే తాగాడు.

తర్వాత వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె లేనప్పుడు అతను నన్ను వెలిగించడు. ముక్కు ఆమెది, కళ్ళు అతనివి. కొత్త సిలిండరు మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్ళ గిన్నెతో అతను కూర్చునేవాడు. ఎదురింటివాళ్ళకూ పక్కింటివాళ్ళకూ కూడా వెళ్ళి అతుకులు చూసి వచ్చేవాడు. ముక్కు సంగతి ఎవరడిగినా దాచుకోలేదు. "నాకు వాసన రాదు, మీరు చూసుకోండ్రి" అని మామూలుగా చెప్పేవాడు. ఆ మాట బయటపడ్డాక అతను తేలికపడ్డాడు. లసుమక్క దగ్గు కూడా నెమ్మదించింది.

అలా తొమ్మిదేళ్ళు వండాను. తర్వాత నా ఒక నాబు బిగుసుకుపోయింది, బర్నర్లు అరిగి సందులు పెద్దవయ్యాయి. మంట పసుపు రంగుకు తిరిగిన రోజే ఓదేలు నన్ను దించేశాడు. కొత్తదాన్ని బిగించడానికి అఫ్రోజ్‌నే పిలిచారు.

పాత సామాన్ల బండి వచ్చినప్పుడు బండివాడు నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఇంకా నడుస్తది పెద్దాయనా, ఎవరికన్న అమ్ముకుంట" అన్నాడు. ఓదేలు ఒక్క నిమిషం అని లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చాడు. నన్ను అరుగు మీద బోర్లించి, ట్యూబు ఎక్కే గొట్టాన్ని మూడు దెబ్బల్లో చదును చేశాడు. ఇక ఏ ఇంట్లో, ఏ ఆశతోనైనా, ఎవరూ నన్ను తమంతట తాము తగిలించుకోలేరు.

"ఇప్పుడు తీస్కపో" అన్నాడు.

బండివాడు గొణుక్కుంటూ నన్ను ఇనప ముక్కల మధ్య పడేశాడు. నాకేమీ నొప్పి అనిపించలేదు.

ఇప్పుడు పాత ఇనుము కరిగించే చోట వరుసలో ఉన్నాను. హాయిగా ఉంది.