మూడింటికి అరగ్లాసు నీళ్ళు

మూడో మంచం మీది టీచరమ్మ పదకొండుంబావుకు చనిపోయింది. చార్టు ప్రకారం మాత్రం ఆవిడ ఒంటిగంటకు కుడిపక్కకు తిరిగింది, మూడింటికి ఎడమపక్కకు తిరిగి అరగ్లాసు నీళ్ళు కూడా తాగింది. గోడ గడియారంలో ఇంకా పన్నెండు కాలేదు.

చార్టు పుస్తకం ఆయా చేతుల్లో ఉంది. ఆ గళ్ళన్నిటిలో ఉన్నది ఆమె సంతకమే.

వృద్ధుల సేవలో డిప్లొమా చదివి వచ్చిందని ఆ వృద్ధాశ్రమంలో అందరూ ఆమెను ‘డిప్లొమా’ అనే పిలుస్తారు. మంచం దిగలేనివాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయన్నది ఆ చదువులో మొదటి పాఠం. ఇక్కడ మొదటి పాఠం వేరు. ఏడు గదులు, పద్నాలుగు మంచాలు, పూటకు ఒక్క మనిషి. తిప్పేవాళ్ళ తిప్పలు తిరిగి చూసేవాడు లేడు. ఆయా అన్న మాటలోనే సగం ఆయాసం ఉంది. మిగతా సగం జీతం రోజున వస్తుంది. అందుకని పొద్దున డ్యూటీ ఎక్కగానే మూడింటికి దిగేదాకా ఉన్న గళ్ళన్నిటిలో తిప్పినట్టూ నీళ్ళు తాగించినట్టూ రాసి సంతకాలు గీకేయడం ఆనవాయితీ. ముందు సంతకం, వీలుంటే సేవ.

చేరిన వారం ఆమె ఒప్పుకోలేదు. “ఏం తల్లీ, అంత చదివావు, సంతకానికి చెయ్యి తిరగదా?” అని మిగతా ఆయాలు ఎగతాళి చేశారు. రెండో వారానికల్లా చెయ్యి తిరిగింది. మంచం మీది మనుషులే తిరగలేదు.

పెద్ద సిస్టరు టీచరమ్మ గదిలోకి వచ్చి గొళ్ళెం పెట్టింది.

“వాళ్ళమ్మాయి వచ్చి కింద కూర్చుంది. అమ్మ నిద్రపోతోందని చెప్పా.”

“సిస్టర్, ఆవిడ...”

“తెలుసే. మూడున్నరకు పోయిందని రాద్దాం. డాక్టరు నాలుగింటికి గానీ రాడు. మనం చెప్పిందే రాస్తాడు.”

“ఈ పేజీ చింపేస్తే?” అంది డిప్లొమా. ఆ మాట అన్నది తనేనని తనకే నమ్మబుద్ధి కాలేదు.

“పేజీలకు నంబర్లున్నాయి. రేపే తనిఖీ. పేజీ పోతే నా ఉద్యోగం పోతుంది, టైము తేడా వస్తే నీ డిప్లొమా పోతుంది. పోయినావిడ ఎలాగూ పోయింది. నాలుగు గంటలు ఆలస్యంగా పోతే ఆవిడకేం నష్టం చెప్పు?” సిస్టరు నవ్వబోయింది. నవ్వు పెదవి దాకా వచ్చి అక్కడే చచ్చింది.

టీచరమ్మ నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. మంచం పట్టినా లెక్క మానలేదు. “రెండు గంటలన్నావు, మూడయింది. నీ గడియారానికీ నాలాగే నడుం పడిపోయిందేమే?” అనేది. ఇవాళ తొమ్మిదింటికి కూడా పిలిచింది. “వీపు మండిపోతోందే, ఒకసారి తిప్పవే.”

“అయిదు నిమిషాల్లో వస్తానమ్మా,” అంది డిప్లొమా, పక్కగదిలో దుప్పటి మారుస్తూ.

ఆ అయిదు నిమిషాలు ఇంకా పూర్తికాలేదు. తొమ్మిదింటి గడిలోనూ సంతకముంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు.

“అమ్మ లేచిందా?”

“ఇంకా లేవలేదమ్మా!” సిస్టరు గొంతు కీచుమంది.

“ఫర్వాలేదు, పక్కన కూర్చుంటా. సద్దు చెయ్యను.”

సిస్టరు గొళ్ళేనికి అడ్డంగా చెయ్యి పెట్టి, “నీ కాళ్ళు పట్టుకుంటానే,” అని గుసగుసలాడింది.

డిప్లొమా తలుపు వైపు చూసింది. ఇక్కణ్ణుంచి గెంటేస్తే ఇంకెక్కడా గడప తొక్కనివ్వరు. దొంగ సంతకానికి కేసు పెట్టినా పెడతారు.  అయినా నాలుగడుగులు వేసి సిస్టరు చెయ్యి పక్కకు తీసింది. గొళ్ళెం తీసింది.

“అమ్మగారు పదకొండుంబావుకు పోయారండీ. తొమ్మిదింటికి తిప్పమని అడిగారు. నేను తిప్పలేదు. ఇందులో సంతకాలు నావే.”

కూతురు తల్లి వైపు చూసింది. పుస్తకం అందుకుంది. ఆమె వేలు ఒక్కో గడీ దిగుతూ వచ్చి చివర్లో ఆగిపోయింది.

“మూడింటికి నీళ్ళు తాగిందని ఉందే?”

గోడ గడియారంలో అప్పుడే పన్నెండు దాటింది. పక్కగదిలోంచి ముసలాయన పిలుస్తున్నాడు: “డిప్లొమా, నన్ను తిప్పే టైము దాటిపోయిందే!”