మెమరీ చాలని గొంతు

నా జవాబు రావడానికి పదకొండు సెకన్లు పడుతోంది. గోడ గడియారం చూసి మరీ లెక్కపెట్టాను. ఆలోగా మా తమ్ముడు మూడుసార్లు "హలో" అంటాడు, ఒకసారి దగ్గుతాడు, "సరే అక్కా, పనిలో ఉన్నట్టున్నావు, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తాడు. ఆ తర్వాత ఖాళీ గదిలో నా గొంతు తీరిగ్గా, "ఏరా, గడ్డం గీసుకున్నావా, ఇంకా ఎలుగుబంటిలానే తిరుగుతున్నావా?" అని అడుగుతుంది. వినేవాడు ఉండడు.

నాకు కంఠం లేదు. మూడేళ్ళ కిందట ఆపరేషన్ చేసి తీసేశారు. దానికి ముందు రెండు వారాలు మైకు ముందు కూర్చుని పదహారు వందల వాక్యాలు చదివాను. వాటిలోంచి ఒక ప్రోగ్రాము నా గొంతును తయారుచేసింది. ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తే స్పీకర్లోంచి నేను మాట్లాడతాను. గతుకుల్లో పోతున్న బండిలా ఉంటుంది, అయినా నా గొంతే. ఇరవై రెండేళ్ళు టాక్సీ కంపెనీలో ఫోన్లెత్తి, ఒక పక్క చిరునామాలు టైపు చేస్తూ, ఇంకోపక్క డ్రైవర్లకు మాటకు మాట అప్పజెప్పినదాన్ని. వేళ్ళకు అలుపు లేదు. "కంఠం పోయింది గానీ నోటి దురుసు పోలేదే" అని తమ్ముడు నవ్వేవాడు. వాడు వేరే ఊళ్ళో లిఫ్టులు బాగుచేస్తాడు. ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాడు. వారం మొత్తమ్మీద నన్ను పేరుకైనా పలకరించేది వాడొక్కడే.

అలాంటి సమయంలో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ వచ్చి నా నెత్తిన కూర్చుంది. అడక్కుండా రాలేదు. రోజూ అడిగితే రోజూ "తర్వాత" అని నొక్కి, చివరికి విసుగొచ్చి "ఇప్పుడే" నొక్కాను. తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

దాంతో నా గొంతుకు ఆ పదకొండు సెకన్ల ఆలస్యం పట్టుకుంది. రెండు ఆదివారాలు అలా తెగిపోయాయి. మూడో ఆదివారం వాడసలు ఫోనే చెయ్యలేదు. "కాస్త బిజీ అక్కా" అని మెసేజ్ పెట్టాడు. కూర్చుని ఏడ్చాను. ఏడుపు మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది.

సోమవారం టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు, మెమరీ తొంభై నాలుగు శాతం. నేను ఏమీ చెయ్యకుండానే అది ఇంత చేస్తోంది! ఒక ప్రోగ్రాము నా ఫైళ్ళన్నిటినీ మళ్ళీ మొదటినుంచి జాబితా కడుతోంది. ఇంకొకటి నేనడగని వార్తలు తెస్తోంది. యాంటీవైరస్‌లు రెండున్నాయి, పాతదీ కొత్తదీ. రెండూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటూ కూర్చున్నాయి. వార్తలు తీసేశాను. పాత యాంటీవైరస్‌కు సెలవిచ్చాను. ఆన్ చేయగానే తగుదునమ్మా అంటూ లేచే పద్నాలుగు ప్రోగ్రాముల్లో పదకొండింటిని ఆపాను. జాబితా పని పూర్తయ్యేదాకా ఒక రాత్రీ పగలూ వదిలేశాను. పదకొండు సెకన్లు ఏడయ్యాయి, ఏడు నాలుగయ్యాయి. ఆపైన మొరాయించింది.

కంప్యూటర్ షాపాయనకు చాట్‌లో అన్నీ రాశాను.

"మీ వాయిస్ ప్రోగ్రామేనండీ మెమరీ మొత్తం తింటోంది" అని జవాబిచ్చాడు. "పాతది. కొత్త సిస్టమ్‌తో దానికి పడట్లేదు."

"కొత్తది దొరకదా?"

"ఆ కంపెనీ మూసేశారండీ."

"మెమరీ పెంచండి."

"ఈ మోడల్‌లో కుదరదు. బోర్డుకే అతికించేశారు."

"పాత సిస్టమే వేసెయ్యండి."

"వెనక్కి వెళ్ళడానికి పది రోజులే గడువు. మీకు దాటిపోయింది." అంతా చల్లగా చెప్పేసి, చివర్లో జాలిపడ్డాడు. "అయినా సిస్టమ్‌తోపాటు కొత్త గొంతులు వచ్చాయి కదండీ. అచ్చం మనుషుల్లా మాట్లాడతాయి. మెమరీ కూడా తినవు. వాడి చూడండి."

వాడి చూశాను. "ఆడ గొంతు రెండు" అని ఉన్నదాన్ని ఎంచుకుని "హలో" అని కొట్టాను. ఎంటర్ మీదనుంచి వేలు తీసేలోపే పలికింది. నున్నటి గొంతు, పాతికేళ్ళుంటాయేమో. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం నేనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"హలో" అంది కొత్త గొంతు.

"ఎవరండీ?" అన్నాడు కంగారుగా. "ఇది మా అక్క నంబరు కదా?"

వాడికి తెలిసిన కంప్యూటర్ గొంతు నాది ఒక్కటే. ఇదీ కంప్యూటరేనని వాడి ఊహకే తట్టలేదు. నాకు కొంటెతనం పుట్టుకొచ్చింది.

"మీ అక్కగారు స్నానంలో ఉన్నారు. నేను తోడుగా ఉండటానికి కొత్తగా చేరాను."

"మా అక్క ఒప్పుకుందా? ఎవర్నీ గుమ్మం తొక్కనివ్వదే!"

"తొక్కలేదండీ. దూకి వచ్చాను."

వాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని నెల కావస్తోంది. ఇంకో రెండు మాటలన్నాను, మళ్ళీ నవ్వాడు. "అక్క వచ్చాక ఒకసారి ఇవ్వండి" అన్నాడు చివరికి. గొంతు మార్చి "వచ్చానురా" అని కొట్టాను. నాలుగు సెకన్లు.

"ఆఁ... అక్కా... ఒంట్లో బాగుందా? మందులు వేసుకుంటున్నావా?" రోగిని చూడ్డానికొచ్చిన వాడిలా గొంతు తగ్గించేశాడు. "మొద్దూ, ఇందాకటిదీ నేనేరా" అని నేను కొడుతుండగానే, "ఆ అమ్మాయిని తరిమెయ్యకే, బాగా మాట్లాడుతోంది. ఉంటాను మరి" అని పెట్టేశాడు.

మర్నాడు మెసేజ్ పెట్టి చెప్పొచ్చు. పెట్టలేదు. చెబితే ఆ నవ్వు ఆగిపోతుందని భయమేసింది. తర్వాత ఆదివారం వాడే చేశాడు, ఎప్పుడూ చేసే టైముకి ముందే. అరగంట ఆ అమ్మాయితో. లిఫ్టులో ఇరుక్కుని తననే తిట్టిన పెద్దమనిషి గురించి, భార్య మూడ్రోజులుగా మాట్లాడకపోవడం గురించి. నాతో రెండు నిమిషాలు. ఆపై వారం ఒక్క నిమిషం. నా తమ్ముడి కబుర్లన్నీ నాకు తెలుస్తున్నాయి, నాకెవరూ చెప్పడంలేదు.

నిన్న ఆదివారం "అక్కకివ్వమంటారా?" అని నేనే అడిగాను.

"వద్దులెండి, పడుకుంటే లేపకండి" అన్నాడు. "ఒకమాట చెబుతాను, ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి."

"మీరు మాట్లాడుతుంటే అచ్చం మా అక్కతో మాట్లాడినట్టే ఉంటుందండీ. గొంతు కాదు, ఆ పెడసరం. మనం నోరు తెరిచేలోపు చురక అంటించేది. ఆపరేషన్ తర్వాత కూడా మిగిలింది, ఈమధ్యే పోయింది. ఇప్పుడు అక్క పేరుతో ఆగి ఆగి పలికే ఆవిడ ఎవరో, మా అక్క ఎవరో అనిపిస్తుంది. తనతో మాత్రం అనకండి, తట్టుకోలేదు."

"ఒరేయ్" అని కొట్టాను. ఎంటర్ నొక్కలేదు. నొక్కితే, తను ఈ మాటలన్నీ అక్క మొహం మీదే అన్నానని వాడికి తెలిసిపోతుంది. ఇక ఏ గొంతుకూ ఫోన్ చెయ్యడు. అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేశాను.

"హలో? ఉన్నారా అండీ?" అన్నాడు తమ్ముడు.

"ఉన్నానండీ" అని కొట్టాను. ఆ గొంతు వెంటనే అనేసింది.